వికిరణము తాకిన లింఫోసైటు ఏల మరణించును?

ఎక్స్-కిరణములు, గామా కిరణములు జీవకణములను చంపునని అందరును ఎరుగుదురు. కాని అవి ఏ విధముగా చంపును? "కాల్చి చంపును" అని పలువురు తలంచుచుందురు. అది నిజము కాదని ఒక చిన్న లెక్క వలన తెలిసికొనవచ్చును.

ఒక కిలోగ్రాము పదార్థము వికిరణము నుండి ఒక జౌలు శక్తిని గ్రహించినచో, ఆ మోతాదును ఒక గ్రే అందురు. పూర్వము వాడుకలో నుండిన రాడ్ అను ప్రమాణములో ఇది 100 రాడ్‌లకు సమానము. శరీరమంతటికిని ఒక్కసారిగా సుమారు 4 గ్రేల గామా వికిరణము తగిలి, వైద్యసహాయము లభింపనిచో, అట్టివారిలో దాదాపు సగము మంది రెండు నెలలలోపల మరణింతురు. 70 కిలోగ్రాముల బరువుగల మనుష్యుడు ఈ సందర్భమున గ్రహించిన మొత్తము శక్తి 4 × 70 = 280 జౌళ్లు. ఉష్ణముగా లెక్కించినచో ఇది 67 కెలోరీలు మాత్రమే. ఒక చిన్న గుక్కెడు వేడి కాఫీ త్రాగినపుడు శరీరమునకు అందు వేడి ఇంతే ఉండును. దీనివలన శరీరపు ఉష్ణోగ్రత ఒక డిగ్రీలో సుమారు వెయ్యవ వంతు పెరుగును.

గుక్కెడు కాఫీ ఎవరిని చంపదు. అంతే శక్తి గామా కిరణముల రూపమున వచ్చినపుడు మాత్రము ప్రాణాంతకమగుచున్నది. అనగా ఇక్కడ ముఖ్యమైనది శక్తి ఎంత అనునది కాదు. అది ఎక్కడ, ఏ విధముగా విడుదలయగుచున్నది అనునదియే. అంతేకాదు. ఒకే మోతాదు తగిలినపుడు నాడీకణము, కండర కణము బ్రతికి యుండగా, రక్తములోని లింఫోసైటు అను తెల్లకణము ఒకటి రెండు రోజులలో నశించును. దెబ్బ అన్నిటికిని ఒక్కటే అయినపుడు ఫలితములో ఇంత భేదమేల? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు శాస్త్రజ్ఞులకు నూరు సంవత్సరములకు దగ్గరగా పట్టినది. ఆ సమాధానమును వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

లింఫోసైటులు

మన రక్తములో ఒక ఘన మిల్లీమీటరునకు సుమారు 50 లక్షల ఎర్ర కణములును, 4,000 నుండి 11,000 వరకు తెల్ల కణములును ఉండును. తెల్ల కణములు అన్నియు ఒకే జాతివి కావు. వానిలో న్యూట్రోఫిలులు అధిక సంఖ్యాకములు. ఇవి సూక్ష్మజీవులను మ్రింగివేయును. లింఫోసైటులు రెండవ స్థానమును ఆక్రమించును. ఆరోగ్యవంతుడైన పెద్దవానిలో ఇవి ఘన మిల్లీమీటరునకు సుమారు 1,000 నుండి 4,000 వరకు ఉండును.

లింఫోసైటు చూచుటకు చిన్నది. గుండ్రని కేంద్రకము, దాని చుట్టు సన్నని జీవపదార్థపు పొర తప్ప సూక్ష్మదర్శినిలో మరేమియు కనుపించదు. కాని శరీరపు రక్షణలో దీని పాత్ర గొప్పది. బి-లింఫోసైటుల సంతతి ప్రతిరక్షకములను తయారుచేయును. టి-లింఫోసైటులలో కొన్ని వైరసు సోకిన కణములను వెదకి చంపును; మరికొన్ని ఇతర రక్షణ కణములను పనికి పురికొల్పును. ఒకసారి ఆటలమ్మ వచ్చిపోయినవారికి సాధారణముగా అది మరల రాకుండుటకు కారణము, ఆ వ్యాధిని "గుర్తుంచుకొన్న" లింఫోసైటులు ఏండ్ల తరబడి శరీరములో జీవించి యుండుటయే.

శరీరములోని లింఫోసైటులలో నూటికి రెండు పాళ్లు మాత్రమే ఏ క్షణముననైనను రక్తములో నుండును. మిగిలినవి ప్లీహములోను, లసికా గ్రంథులలోను, ఎముకల మూలుగలోను, ప్రేగుల గోడలలోను, ఛాతీ ఎముక వెనుకనున్న థైమస్ గ్రంథిలోను ఉండును.

ఒక నియమము, దానికి ఒక అపవాదము

1895లో రంట్‌జెన్ ఎక్స్-కిరణములను కనుగొనెను. ఎనిమిది సంవత్సరముల తరువాత, 1903లో, జర్మనీలోని లైప్‌జిగ్ నగరమునకు చెందిన హైనెకె అను వైద్యుడు చిన్న జంతువులపై ఈ కిరణములను ప్రసరింపజేసి పరీక్షించెను. ప్లీహములోను, లసికా గ్రంథులలోను ఉన్న లింఫోసైటులు కొలది గంటలలోనే నశించుట ఆయన చూచెను. వాని కేంద్రకములు చిన్న చిన్న ఉండలుగా విడిపోయి యుండెను. ఆ ముక్కలను పొరుగు కణములు మ్రింగివేయుచుండెను. ఈ దృశ్యములోని అసలు అర్థము తెలియుటకు ఇంకను చాలకాలము పట్టినది.

1906లో బెర్గోనియే, ట్రిబోండో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఎలుకల వృషణములపై ప్రయోగములు చేసి ఒక నియమమును ప్రకటించిరి. త్వరత్వరగా విభజన చెందు కణములు, ఇంకను పూర్తిగా రూపు దిద్దుకొనని కణములు వికిరణమునకు ఎక్కువగా లొంగును. విభజన మాని, తమ తమ పనులలో స్థిరపడిన కణములు తట్టుకొనును. ఇదియే ఆ నియమము యొక్క సారాంశము. ఈ నియమము చాలవరకు నిజమే. దెబ్బతిన్న క్రోమోజోములు గల కణము మామూలుగా పని చేయుచుండవచ్చును. కాని రెండుగా విడిపోవు సమయమున క్రోమోజోములు సరిగా పంచబడక చనిపోవును. దీనిని విభజన మరణము అందురు. మూలుగలోని కణములు, ప్రేగుల లోపలి పొర, వెండ్రుకల కుదుళ్లు వికిరణమునకు త్వరగా దెబ్బతినుటకు ఇదియే ముఖ్య కారణము.

కాని రక్తములో తిరుగాడు లింఫోసైటు పూర్తిగా రూపొందిన కణము. ఒక సూక్ష్మజీవి తారసపడి దానిని మేల్కొలుపువరకు అది విభజన చెందక విశ్రాంతిలో నుండును. పై నియమమును బట్టి చూచినచో ఇది వికిరణమును బాగుగా తట్టుకొనవలెను. వాస్తవములో శరీరములోని అన్ని కణములలోను అతి సులభముగా లొంగునది ఇదియే. విభజనకు పూనుకొనకయే, కూర్చున్నచోటనే అది చనిపోవును. నియమమునకు ఇది ఒక పెద్ద అపవాదము. దీనికి కారణము కణము లోపల వెదకవలసి యున్నది.

మొదటి దెబ్బ

గామా కిరణము కణములో ప్రవేశించి పరమాణువుల నుండి ఎలక్ట్రానులను వెడలగొట్టును. ఆ ఎలక్ట్రానులు తమ దారిలోనున్న మరికొన్ని పరమాణువులను అయానులుగా మార్చుచు పోవును. వేడి శరీరమంతట సమముగా పరచుకొనును. కాని వికిరణపు శక్తి కొన్ని కొన్ని సూక్ష్మమైన తావులలో గుంపులు గుంపులుగా విడుదలయగును. వేసవి ఎండకును, పిడుగునకును ఉన్న భేదము ఇక్కడ కనుపించును. పిడుగుపాటునకు చెట్టు చీలినట్లు, ఈ శక్తి పడిన చోట అణువుల బంధములు తెగిపోవును.

కణములో అధిక భాగము నీరు. అందువలన ఎక్కువ దెబ్బలు నీటి అణువులకే తగులును. నీటి అణువు విచ్ఛిన్నమై హైడ్రాక్సిల్ అను చురుకైన ముక్క ఏర్పడును. దీనిలో జతలేని ఎలక్ట్రాను ఒకటి ఉండుటచేత ఇది ఒక క్షణమైనను ఊరకుండక, ప్రక్కనున్న ఏ అణువునైనను ఆక్రమించి దాని నిర్మాణమును పాడుచేయును. ఎక్స్-కిరణముల వలన కేంద్రకములోని డి.ఎన్.ఏ.కు కలుగు హానిలో సుమారు మూడింట రెండు పాళ్లు ఈ హైడ్రాక్సిల్ వలననే కలుగును. మిగిలిన హాని సూటిగా తగిలిన దెబ్బల ఫలితము.

డి.ఎన్.ఏ. రెండు పేటలు పెనవేసిన త్రాటి వంటిది. కణము ఎట్లు జీవింపవలెనో తెలుపు ఆజ్ఞలన్నియు దానిపై వ్రాసి యుండును. ఒక గ్రే మోతాదు తగిలిన ప్రతి కణములోను ఈ త్రాటి ఒక్క పేట సుమారు వేయి చోట్ల తెగును. దీనివలన అంత ప్రమాదము లేదు. రెండవ పేటను చూచుకొని కణము తెగిన పేటను మరల అతుకగలదు. కాని సుమారు 20 నుండి 40 చోట్ల రెండు పేటలును ఒకేచోట తెగిపోవును. ఇది కష్టమైన గాయము. అతుకుటకు ఆధారముగా రెండవ పేట మిగిలి యుండదు. తెగిన కొనలు ఒకదానికి బదులు మరియొకదానితో కలిసినచో ఆజ్ఞలు తారుమారగును. కణములలోని ఇతర గాయములకన్న ఈ గాయములే మరణమునకు ముఖ్య హేతువులు.

ఇంతవరకు చెప్పినది అన్ని కణములకును సమానమే. నాడీకణములోను, లింఫోసైటులోను ఒక గ్రేకు ఏర్పడు తెగుళ్ల సంఖ్యలో పెద్ద భేదము లేదు. ఆ తెగుళ్లను చూచిన తరువాత కణము ఏమి చేయును అనుటలోనే భేదమున్నది.

కావలివారు

కణము లోపల డి.ఎన్.ఏ.ను నిరంతరము కనిపెట్టి యుండు ప్రోటీనులు కలవు. రెండు పేటలును తెగినచోట కొన్ని ప్రోటీనులు వెంటనే చేరుకొని, ఏ.టి.ఎం. అను మరియొక ప్రోటీనును మేల్కొలుపును. అటాక్సియా టెలాంజియెక్టేసియా అను అరుదైన వంశపారంపర్య వ్యాధి పేరును బట్టి దీనికి ఈ పేరు వచ్చినది. ఈ వ్యాధి కలవారిలో ఈ ప్రోటీను పనిచేయదు. అందుచేత వారికి రక్షణశక్తి తక్కువగా ఉండును. కాన్సరు సులభముగా వచ్చును. వికిరణమును వారి శరీరము సహింపలేదు. ఈ వ్యాధికి మూలమైన జన్యువును 1995లో కనుగొనిరి.

మేల్కొన్న ఏ.టి.ఎం. కణమంతటికిని ప్రమాద వార్తను చాటును. ఆ వార్తను అందుకొను ప్రోటీనులలో ముఖ్యమైనది పి53. దీనిని 1979లో కనుగొనిరి. మామూలు సమయమున ఇది కణములో చాల కొలదిగా నుండును. తయారైన దానిని తయారైనట్లే మరియొక ప్రోటీను ధ్వంసమునకు పంపుచుండును. ప్రమాద వార్త అందగానే ఈ ధ్వంసము ఆగిపోవును. కొలది గంటలలో పి53 పోగై, డి.ఎన్.ఏ. పైనున్న కొన్ని జన్యువులను పనిచేయించును.

అపుడు కణమునకు రెండు మార్గములు ఉండును. విభజనను ఆపి, గాయమును మాన్పుకొనుట మొదటిది. తన ప్రాణమును తానే తీసుకొనుట రెండవది. చర్మము క్రింది బంధక కణము వంటివి సాధారణముగా మొదటి మార్గమును అనుసరించును. లింఫోసైటు రెండవ మార్గమును ఎన్నుకొనును. ఈ విషయమే మన ప్రశ్నకు కీలకము. వికిరణము లింఫోసైటును చంపుట లేదు, అది గాయపరచుచున్నది. గాయమును చూచి లింఫోసైటు తనంతట తాను మరణించుచున్నది.

క్రమబద్ధమైన మరణము

ఈ స్వయంమరణమునకు 1972లో కెర్, విల్లీ, కర్రీ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు అపోప్టోసిస్ అను పేరు పెట్టిరి. చెట్టు నుండి ఆకులు, పూలరేకులు రాలుట అని ఈ గ్రీకు పదమునకు అర్థము. గాలివానకు కొమ్మ విరుగుట వేరు, పండుటాకు తొడిమ నుండి విడివడి రాలుట వేరు. కాలిన గాయములోని కణము మొదటి విధముగా చనిపోవును. అది ఉబ్బి, పగిలి, లోపలి పదార్థము బయటపడి, చుట్టుప్రక్కల వాపును కలిగించును. అపోప్టోసిస్‌లో అట్టి అలజడి ఉండదు.

లింఫోసైటులో ఈ మరణము ఈ క్రింది క్రమములో జరుగును. పి53 ఆజ్ఞ మీద ప్యూమా మొదలగు ప్రోటీనులు తయారగును. కణమునకు శక్తిని సమకూర్చు మైటోకాండ్రియాలను కాపాడుచున్న ప్రోటీనులను ఇవి బంధించును. కాపుదల పోగానే బాక్స్, బాక్ అను ప్రోటీనులు మైటోకాండ్రియాల పై పొరకు రంధ్రములు చేయును. ఆ రంధ్రముల గుండ సైటోక్రోమ్-సి అను పదార్థము వెలుపలికి వచ్చును. శ్వాసక్రియలో తోడ్పడుచు కణమును బ్రతికించుచుండిన ఈ పదార్థమే, మైటోకాండ్రియా దాటి వచ్చినంతనే మరణమునకు సంకేతమగును.

ఆ సంకేతముతో కాస్పేజులు అను ఎంజైములు మేల్కొనును. ఇవి కత్తెరల వంటివి. ఒకటి మరియొకదానిని పురికొల్పుచు, కొలది సేపటిలో వందలాది ప్రోటీనులను ఎంచి ఎంచి ఖండించును. వాని ప్రోద్బలమున మరియొక ఎంజైము డి.ఎన్.ఏ.ను ముక్కలుగా కోయును. డి.ఎన్.ఏ. కేంద్రకములో చిన్న చిన్న కండెలకు చుట్టుకొని యుండును. ఒక కండెకును మరియొక కండెకును నడుమనే ఈ కోత పడును. అందువలన ప్రతి ముక్కయు సుమారు 180 అక్షర జతల పొడవు, లేక దానికి రెండింతలు, మూడింతలు ఉండును. ఈ ముక్కలను విద్యుత్క్షేత్రములో జెల్లీ గుండ పరుగెత్తించినచో నిచ్చెన మెట్ల వలె వరుసగా నిలుచును. కణము అపోప్టోసిస్ వలన చనిపోయినదని గుర్తించుటకు ఈ నిచ్చెన ఒక ప్రసిద్ధమైన ఆనవాలు.

ఇక కణము ముడుచుకొని, పొరలో మూటగట్టిన ఉండలుగా విడిపోవును. సాధారణముగా పొర లోపలి వైపున ఉండు ఒక కొవ్వు పదార్థము వెలుపలికి తిరిగి, "నన్ను తినుము" అను గుర్తుగా పనిచేయును. మాక్రోఫేజులు అను పెద్ద కణములు ఆ గుర్తును చూచి, వచ్చి మ్రింగివేయును. 1903లో హైనెకె చూచిన కేంద్రకపు ఉండలు ఇవియే.

ఈ వివరణ సరియైనదే అని ఎట్లు నమ్మవలెను? 1993లో రెండు పరిశోధక బృందములు విడివిడిగా ఒకే ప్రయోగమును చేసినవి. పి53 జన్యువు లేకుండ పెంచిన ఎలుకల థైమస్ కణములపై వికిరణమును ప్రసరింపజేసిరి. మామూలు ఎలుకల కణములను చంపు మోతాదునకు ఈ కణములు చావలేదు. డి.ఎన్.ఏ. తెగినది, గాయము ఉన్నది, కాని చావుమని ఆజ్ఞ యిచ్చు పి53 లేదు. కార్టిసోన్ జాతి హార్మోను ఇచ్చినపుడు మాత్రము అవే కణములు మామూలుగానే చనిపోయినవి. ఏలయనగా ఆ మరణమునకు పి53 అవసరము లేదు. చంపినది గాయము కాదు, గాయమునకు కణము ఇచ్చిన ప్రత్యుత్తరమే అని దీనివలన స్పష్టమైనది.

లింఫోసైటులకే ఈ స్వభావమేల?

లింఫోసైటు పుట్టుక నుండియు మరణమునకు చేరువగనే పెరుగును. థైమస్‌లో పుట్టిన టి-కణములలో నూటికి 95కు పైగా అక్కడనే అపోప్టోసిస్ వలన నశించును. శరీరపు సొంత కణములను శత్రువులుగా పొరబడునవియు, దేనిని గుర్తింపలేనివియు ఈ పరీక్షలో తొలగింపబడును. కొలదిపాటి మాత్రమే ఉత్తీర్ణమై రక్తములోనికి వచ్చును.

అంతేకాక, లక్షలాది విధములైన శత్రువులను గుర్తించుటకు తగిన గ్రాహకములను తయారుచేసికొనుటకై లింఫోసైటు బాల్యములో తన డి.ఎన్.ఏ.ను తానే కొన్నిచోట్ల కోసి, ముక్కలను క్రొత్త వరుసలో అతుకుకొనును. జన్యువుల ఈ మార్పిడిని వెల్లడించిన టొనెగావాకు 1987లో నోబెల్ బహుమానము లభించినది. ఈ అతుకులో పొరబాటు జరిగినచో ఆ కణము కాన్సరుగా మారు ప్రమాదమున్నది. లింఫోసైటు ఒకటి వేలాదిగా వృద్ధి చెందగలదు గనుక ఆ ప్రమాదము మరింత పెద్దది. అట్టి కణమునకు అనుమానము కలిగినంతనే మరణించు స్వభావము ఉండుట శరీరమునకు మేలు. ఒక లింఫోసైటు పోయినను దాని స్థానమును భర్తీ చేయవచ్చును. నాడీకణము పోయినచో దాదాపు పోయినట్లే. అందువలననే ఆయా కణముల స్వభావములు ఇట్లు వేరుపడినవని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు.

లింఫోసైటులు అన్నియు సమానముగా లొంగవు. సాధారణముగా బి-కణములు టి-కణములకన్న త్వరగా నశించును. శత్రువును చూచి మేల్కొన్న టి-కణములు విశ్రాంతిలోనున్న వానికన్న గట్టిగా తట్టుకొనును. ప్రతిరక్షకములను తయారుచేయు పరిణత కణములు, మాక్రోఫేజులు ఇంకను గట్టివి.

రక్తపరీక్ష తెలుపు కథ

తరగతిలో విద్యార్థులచే చేయింపదగిన ఒక చిన్న ఆలోచన ఇక్కడ సూచించుచున్నాము. వికిరణము వలన మూలుగలో క్రొత్త రక్తకణముల ఉత్పత్తి పూర్తిగా ఆగిపోయినదని అనుకొందము. ఎర్ర కణము ఆయువు 120 రోజులు. కనుక రోజునకు 120వ వంతు తగ్గుచు, పది రోజుల తరువాత కూడ నూటికి ఎనిమిది మాత్రమే తగ్గును. రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు ప్లేట్‌లెట్ల ఆయువు సుమారు పది రోజులు. కనుక అవి వారము, పది రోజులలో బాగుగా తగ్గిపోవును. న్యూట్రోఫిలుల ఆయువు ఇంకను తక్కువ. కాని మూలుగలో కొన్నాళ్లకు సరిపడు నిలువ ఉండుట వలన వాని కొరత కొంత ఆలస్యముగా బయటపడును. గాదెలో ధాన్యము ఉన్నంతవరకు ఇంట లోటు కనుపించదు; విత్తనములు చచ్చిన సంగతి తరువాతి పంటకు గాని తెలియదు. ఇదియు అట్టిదే.

మరి లింఫోసైటుల మాట ఏమి? వానిలో అనేకము నెలలు, సంవత్సరములు జీవించునవి. ఉత్పత్తి ఆగుట ఒక్కటే కారణమైనచో అవి ఎర్ర కణములకన్న కూడ మెల్లగా తగ్గవలెను. కాని పెద్ద మోతాదు తగిలినపుడు ఒకటి రెండు రోజులలోనే వాని సంఖ్య పడిపోవును. అనగా అవి ఆయువు తీరి పోవుట లేదు. ఉన్నవి ఉన్నట్లే మరణించుచున్నవి. విద్యార్థులు ఈ నాలుగు విధముల కణములకు నాలుగు గీతలు గీచి చూచినచో ఈ వాదము సులభముగా బోధపడును.

ఈ గుణము వలన లింఫోసైటు వైద్యులకు ఒక కొలమానమైనది. ప్రమాదము జరిగిన మొదటి 24 గంటలలో లింఫోసైటుల సంఖ్య సగమునకు పడిపోయి, రెండవ రోజున ఇంకను తీవ్రముగా తగ్గినచో, తగిలిన మోతాదు ప్రాణాపాయకరమని గ్రహింపవలెను. సాధారణమైన రక్తపరీక్షను కొన్ని గంటల కొకసారి చేయించిన చాలును.

1986 ఏప్రిల్ 26న సోవియట్ దేశములోని చెర్నోబిల్ విద్యుత్కేంద్రము ప్రేలినపుడు 134 మందికి తీవ్ర వికిరణ వ్యాధి కలిగినట్లు నిర్ధారణయైనది. వారిలో 28 మంది ఆ సంవత్సరమే మరణించిరి. ఎవరికి ఎంత వికిరణము తగిలినదో అంచనా వేయుటకు మాస్కో వైద్యులు లింఫోసైటుల సంఖ్యపైనను, వాని క్రోమోజోములపైనను ఆధారపడిరి. 13 మందికి మూలుగ మార్పిడి చేసిరి. కాని వారిలో ఇద్దరు మాత్రమే చాలకాలము జీవించిరి. మూలుగతో పాటు చర్మము, ప్రేగులు కూడ తీవ్రముగా దెబ్బతిన్నవారికి మూలుగ ఒక్కటి మార్చిన చాలదని అందువలన తెలిసినది.

క్రోమోజోముల పరీక్ష సంగతి కూడ తెలిసికొనదగినది. చావక మిగిలిన లింఫోసైటులను రక్తము నుండి తీసి, ఒక మొక్క గింజ నుండి లభించు పదార్థముతో మేల్కొలిపి, రెండు రోజులు పెంచుదురు. విభజన చెందు సమయమున వాని క్రోమోజోములను సూక్ష్మదర్శినిలో చూతురు. తెగిన కొనలు తప్పుగా అతుకుకొనుట వలన రెండు నడుములు గల క్రోమోజోములు అక్కడక్కడ కనుపించును. మామూలు మనుష్యులలో ఇట్టివి వేయి కణములకు ఒకటి మించి ఉండుట అరుదు. వాని సంఖ్యను బట్టి, సుమారు 0.1 గ్రే వరకు మోతాదును కనిపెట్టవచ్చును.

మన దేశమున కూడ 2010 ఏప్రిల్‌లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము అంగళ్లలో ఇట్టి ప్రమాదము జరిగినది. ఒక ప్రయోగశాలలో వాడుక మానిన యంత్రము తుక్కుగా అమ్ముడుపోయి, దానిలోని కోబాల్ట్-60 బయటపడినది. పలువురు వ్యాధిగ్రస్తులైరి, ఒకరు మరణించిరి. వారు చేతబట్టినది ఏమిటో వారికి తెలియదు. వికిరణమునకు రంగు లేదు, వాసన లేదు, తాకిన క్షణమున నొప్పియు లేదు. కనుక పసుపుపచ్చని రంగుపై మూడు రెక్కల గుర్తు ఉన్న ఏ లోహపు పెట్టెనైనను తాకరాదని, వెంటనే దూరముగా పోయి పోలీసువారికి తెలుపవలెనని ఉపాధ్యాయులు ప్రతి విద్యార్థికిని బోధింపవలసి యున్నది.

హాని నుండి మేలు

లింఫోసైటు యొక్క ఈ బలహీనతను వైద్యులు మేలునకు కూడ ఉపయోగించుచున్నారు. రక్షణశక్తి నశించిన రోగికి రక్తము ఎక్కించునపుడు, దాత రక్తములోని టి-లింఫోసైటులు రోగి శరీరమునే పరాయిదిగా ఎంచి దానిపై దాడి చేయవచ్చును. ఇది చాలవరకు ప్రాణము తీయు ఉపద్రవము. దీనిని నివారించుటకు రక్తపు సంచికి ముందుగా సుమారు 25 గ్రేల వికిరణమును ఇత్తురు. లింఫోసైటులు వృద్ధి చెందు శక్తిని కోల్పోవును. ఎర్ర కణములకు కేంద్రకము లేదు, తెగుటకు డి.ఎన్.ఏ. లేదు, కనుక అవి తమ పనికి పనికివచ్చుచునే యుండును. ఒకే సంచిలో ఒక జాతిని ఆపి, వేరొక జాతిని నిలుపుట ఈ విధముగా సాధ్యమైనది. అణుశక్తి శాఖకు చెందిన వికిరణ, ఐసోటోపు సాంకేతిక బోర్డు ఇట్టి యంత్రములను మన దేశములోనే తయారుచేసినది.

రక్తకాన్సరు రోగికి ఇతరుల మూలుగను ఇచ్చునపుడు, రోగి లింఫోసైటులు దానిని తిరస్కరింపకుండ ముందుగా మందులతోను, కొన్ని సందర్భములలో శరీరమంతటికిని వికిరణముతోను వానిని తొలగింతురు. ఈ చికిత్సను అభివృద్ధి చేసిన డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమానము ఇచ్చిరి. లింఫోసైటుల నుండి పుట్టిన కొన్ని కాన్సరులు కొలది వికిరణమునకే కరగిపోవుటకు కూడ ఇదే స్వభావము కారణము. పి53 చెడిన కాన్సరులు మాత్రము చావుమను ఆజ్ఞను వినవు. అందుచేత అవి మొండికెత్తును.

భయము ఎంతవరకు తగును?

ఇది చదివి వైద్యుడు వ్రాసిన ఎక్స్-రే పరీక్షకు భయపడ నవసరము లేదు. ఛాతీ ఎక్స్-రేలో తగులునది 0.1 మిల్లీ సీవర్టు, లేక అంతకన్న తక్కువ. భూమి నుండియు, ఆకాశము నుండియు, మన ఆహారము నుండియు ప్రపంచములోని ప్రతి మనుష్యునికి సగటున ఏటేట సుమారు 2.4 మిల్లీ సీవర్టులు తగులుచునే యున్నవి. రక్తపరీక్షలో లింఫోసైటులు తగ్గినట్లు కనుపింపవలెనన్నచో కొన్ని వందల మిల్లీ గ్రేలు ఒక్కసారిగా తగులవలెను. గామా కిరణముల విషయమున ఒక గ్రేను ఒక సీవర్టుగా లెక్కింపవచ్చును గనుక, ఈ రెండింటి నడుమనున్న అంతరము వేల రెట్లని విద్యార్థులు తామే లెక్కించి చూడవచ్చును. అట్లని అనవసరముగా మరల మరల కిరణములకు గురియగుట కూడ తగదు. అవసరము లేనిదే ఏ మోతాదును పొందకుండుటయే వైద్యశాస్త్రము అంగీకరించిన పద్ధతి.

కణము మరణించుట అన్నివేళల ఓటమి కాదు. గాయపడిన లింఫోసైటు బ్రతికి, తప్పుడు ఆజ్ఞలతో వృద్ధి పొందుటకన్న మరణించుటయే శరీరమునకు క్షేమము. గాయపడిన కణములు ఎప్పటికప్పుడు ఇట్లు రాలుచుండినచో దానివలన మనకు రక్షణ. ఒక్కమారుగా కోట్ల కొలది రాలినపుడు శరీరము శత్రువుల ముందు నిరాయుధమై నిలుచును. అట్టి రోగిని సూక్ష్మజీవులు సోకకుండ కాపాడుచు, మూలుగ మరల కోలుకొనువరకు ప్రాణము నిలుపుటయే వికిరణ వ్యాధి చికిత్సలో ప్రధానమైన పని. ఆ పనికి దారి చూపునది మొదటి రెండు రోజులలో రక్తపు చుక్కలో లెక్కించిన లింఫోసైటుల సంఖ్యయే.